ఒళ్లో పిల్లల ఏడుపు లెక్క

ఎంత గింజుకునే పిల్లకైనా చేయి వణక్కుండా సూది వేయగల ఆ నర్సుకి, స్టాటిస్టిక్స్ అన్న మాట వింటే కాళ్లూ చేతులూ ఆడవు. అలాంటి మనిషి ఏరికోరి పరిశోధన నెత్తికెత్తుకుంది.

వాళ్ల ఆసుపత్రి టీకాల గదిలో పసిపిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టి, తల్లుల్ని దూరంగా నిలబెట్టి సూది వేసేవారు. తల్లి ఒళ్లో ఉంచి వేస్తే తొందరగా ఊరుకుంటారని ఈవిడ పోరింది. పోరగా పోరగా పెద్ద డాక్టరు దిగొచ్చాడు.

"సరేనమ్మా. అరవై మందికి ఒళ్లో, అరవై మందికి బల్ల మీద వేసి, ఎన్ని సెకన్లు ఏడ్చారో లెక్క తేల్చండి. ఒళ్లోవాళ్లు తక్కువ ఏడిస్తే ఒళ్లోనే వేద్దాం. లేదంటే ఇంక ఈ మాట ఎత్తొద్దు."

గడియారం పట్టుకుని నూట ఇరవై ఏడుపులూ కొలిచింది. ఆ కాగితాల్ని బీరువాలో పెట్టి రెండు నెలలు వాటి మొహం చూడలేదు. బుధవారం గడువనగా, శనివారం దేవుడి మీద భారం వేసి కంప్యూటర్‌లో సగటు తీసింది. బల్ల మీద పిల్లలకి అరవై ఒక్క సెకన్లు. ఒళ్లో పిల్లలకి అరవై నాలుగు. గుండెల్లో రాయి పడింది.

ఆదివారం పొద్దున ఆడపడుచు వచ్చింది. బల్బుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం ఆ పిల్లది. నోరు కాస్త ఎక్కువ.

"నువ్వే చేసిపెట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని బతిమాలింది నర్సు.

"నేను చెయ్యను వదినా. నీ పిల్లలు, నీ ఏడుపులు. నువ్వే ఏడువు," అంటూ ఆడపడుచు గ్రాఫ్ కాగితం పరిచింది. "ఆ కంప్యూటర్ మూసెయ్. ఒక్కో పిల్లకి ఒక్కో చుక్క పెట్టు, ఎన్ని సెకన్లు ఏడిస్తే అంత ఎత్తున. బల్బులకి మేం రోజూ పెట్టేదే."

నర్సు తిట్టుకుంటూనే కూర్చుంది. మొదటి పది చుక్కలకీ చెమటలు పట్టాయి. ఆ తర్వాత చుక్కల్లో పిల్లలు కనబడసాగారు. ఇదిగో, కళ్లజోడు లాగేసినవాడు. ఇదిగో, సూది తీయకముందే నవ్వేసిన బుజ్జిది. వీళ్లకి తను భయపడిందా? నవ్వొచ్చింది కూడా.

ఒళ్లో పిల్లల చుక్కలు పూర్తయ్యేసరికి పైన ఒక వరస తేలింది, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

"ఇదేంటి వదినా? పద్నాలుగు మంది కూడబలుక్కుని తొంభై తొమ్మిదో సెకనుకే నోరు మూశారా?"

నర్సు తల కొట్టుకుంది. "నా మతి మండ! అవి సెకన్లు కావే. నేను గడియారం ఆపకముందే తల్లులు పిల్లల్ని భుజానేసుకుని వెళ్లిపోయారు. గడి ఖాళీగా వదలకూడదని తొంభై తొమ్మిది రాసుకున్నా!"

పప్పులో కాలేసింది తనే. కంప్యూటర్ పాపం, చెప్పింది చెప్పినట్టు కూడింది. బల్ల మీద పిల్లల్లో అలాంటివాళ్లు ఇద్దరే.

"అయితే తీసేసెయ్."

"మోసం కాదూ?"

"చెప్పకుండా తీస్తే మోసం. ఎంతమందిని తీశావో, ఎందుకో రాసెయ్."

రాసింది. వాళ్లు బయటికెళ్లాక ఎంతసేపు ఏడ్చారో తెలియదని కూడా రాసింది. మళ్లీ సగటు తీస్తే బల్ల మీద అరవై, ఒళ్లో యాభై మూడు. ఆ తేడా ఊరికే పడిందా అని చూసే పరీక్ష మీట కూడా తనే నొక్కింది. ఊరికే పడిన తేడా కాదనే వచ్చింది.

బుధవారం పెద్ద డాక్టరు కాగితాలు తిరగేసి, "లెక్కలు ఎవరిచేత చేయించారమ్మా?" అన్నాడు.

"నేనే చేశానండి."

"మరి ఈ పదహారు మందిని ఎందుకు తీశారు?"

ఒక్కొక్కరి గురించీ తడుముకోకుండా చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు. "రేపట్నుంచి ఒళ్లోనే వేయండి," అన్నాడు.

మెట్ల దగ్గరే ఆగి ఆడపడుచుకి ఫోన్ చేసింది.

"నా నెత్తిన పాలు పోశావే. ఆ రోజు జాలిపడి నువ్వే చేసిపెట్టి ఉంటే, ఇవాళ ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబుండేది కాదు. పిల్లలు మళ్లీ బల్లెక్కేవాళ్లు."