పొద్దు గుంకే సముద్రం

కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య వల అంచు బిగించి, ఎల్లారావు చిరుగు చుట్టూ పాడైన వలకన్నులు కోసి పారేస్తున్నాడు. తెల్లారి చాలాసేపయింది. ఫిషింగ్ హార్బర్లో వేలంపాట అరుపులు తగ్గి, ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు మొదలైంది. కుప్పపోసిన నైలాను వల మీద కూర్చున్న మనిషి చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండడు. ఎండిపోయిన ఒళ్ళు, ఉప్పుకి పగిలి నెర్రెలిచ్చిన మడమలు, నవ్వితే ముందుకొచ్చే రెండు పళ్ళు. తెప్ప మీద వేటాడినన్నాళ్ళు వేటాడి, మోకాలు మొరాయించాక వలలు బాగుచేసే పనిలో కూలబడ్డాడు. ఇలాంటివాళ్ళు హార్బర్ నిండా ఉన్నారు. వీళ్ళ గురించి పేపర్లో రాయరు. కాకపోతే ఈయన ఆఫ్రికా వెళ్ళొచ్చాడు.

వెళ్ళొచ్చానని ఆయనంటాడు. హార్బర్ నమ్మదు.

"ఏటి బావా, మీ ఆఫిరికాలో ఈయేల పొద్దు ఎటు గుంకుతాదంట?" ఐసు బండి తోసుకుపోతూ నీలకంఠం కేకేశాడు.

"సముద్రంలోనే గుంకుతాది. నీకేటి నొప్పి?"

"మరి నీళ్ళలో పడినప్పుడు సుయ్‌మంటాదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎల్లారావూ నవ్వాడు గానీ సూది ఒక కన్ను తప్పింది.

ఎనభై ఒకటో సంవత్సరంలో ఒక సేవాసంఘం వాళ్ళు హార్బరుకొచ్చారు. సియెర్రా లియోన్ అనే దేశంలో జాలర్లకి నైలాను వలలు పంచామనీ, చిరిగితే బాగుచేసుకోవడం వాళ్ళకి కొత్తనీ, జీతం లేకుండా వెళ్ళి నేర్పేవాళ్ళు కావాలనీ చెప్పారు. తిండీ ప్రయాణమూ సంఘానివే. వలలు పంచి ఫొటో దిగడానికి బోలెడుమంది దొరుకుతారు. చిరిగిన వల ముందు నెలల తరబడి ఒంగి కూర్చోడానికి ఏ తెల్లచొక్కా వస్తుంది? ఎల్లారావు చెయ్యెత్తాడు. అవతలి ఒడ్డున కూడా జాలరే ఉంటాడా, వాడూ మనలాగే తిట్టుకుంటాడా, చూడాలనిపించింది. అంతకుమించి ఆయనకి కారణం తెలీదు.

కబెలా అనే పల్లెలో దించారు. కాగితం మీద ఈయన సేవకుడు. పల్లెలో జరిగింది వేరు. కర్రపెండలం ఆకు ఎర్ర నూనెలో వండి, ముందు ఈయనకి పెట్టాకే వాళ్ళు తినేవారు. చలిజ్వరం తగిలితే ఇంటికొకరు చొప్పున వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ఈయన ముడి వెయ్యడం చూపించాడు, వాళ్ళు పట్టేశారు. ఇంతకీ ఎవరు ఎవరికి సేవ చేశారని అడిగితే ఆ సంఘం వాళ్ళు నీళ్ళు నమలాల్సిందే.

ఆ పల్లెలో పెద్ద జాలరి సోరీ. పెద్దవాళ్ళని అక్కడ 'పా' అంటారు, పా సోరీ. ఒకరోజు వేటకి తీసుకెళ్ళి, తిరుగు ప్రయాణంలో మర్యాదకని చుక్కాని తెడ్డు ఎల్లారావు చేతికిచ్చాడు. ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ము మంచులా కమ్మి ఒడ్డు కనిపించడం లేదు. పొద్దు మాత్రం ఎర్రగా కిందికి దిగుతోంది. ఎల్లారావుకి దారి అడగాల్సిన పనేముంది? విశాఖపట్నంలో పుట్టిన జాలరికి సాయంత్రం ఇల్లంటే పొద్దు గుంకే వైపే. పడవ మొహం సూర్యుడికేసి తిప్పి హుషారుగా పోనిచ్చాడు. చుట్టం కదా, ఏదో మంచి చేపల చోటు తెలుసు కాబోలని వాళ్ళు చాలాసేపు నోరు మూసుకున్నారు. చివరికి పా సోరీ ఎక్కడికయ్యా అని అడిగితే, ఇంటికి అని ఈయన సూర్యుణ్ణి చూపించాడు. సముద్రం వాళ్ళకి పడమర! పడవలో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ఆ దుమ్ములో తడుముకుంటూ ఒడ్డు చేరాక పల్లె పల్లెంతా నవ్వింది. ఆయన బతుకులో అంత ఆనందంగా పరువు పోయింది ఆ ఒక్కసారే.

తిరిగొచ్చి ఈ ముచ్చట ఆనందం పట్టలేక చెప్పాడు. అదే కొంప ముంచింది. ఈ ఒడ్డున పొద్దు సముద్రంలో పుట్టి కొండల వెనక దిగుతుంది. తాతలనాటి నుంచీ అంతే. సముద్రంలో గుంకడమేమిటి? ఆ ఒక్క ముక్కతో ప్రయాణం మొత్తం అబద్ధమైపోయింది. వీడు కలకత్తా రేవులో ఎవత్తెతోనో సంసారం వెలగబెట్టి వచ్చాడని తీర్మానించారు. ఆ మాట చేపల గంపల దగ్గర భార్య నూకాలు చెవిన పడింది. ఒక్కసారే అడిగింది. గంగమ్మ మీద ఒట్టేశాడు. ఆమె ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఏళ్ళు గడిచినా ఆ ఊఁ రాలేదు. హార్బర్ నమ్మకపోతే పీడాపోయింది. నూకాలు నమ్మాలి.

మధ్యాహ్నం ఆమె అంబలి తెచ్చింది. మనిషి పొట్టి, నడక గాలివాన. తపేలా వల పక్కన పెట్టి, చుట్ట వెలిగించుకుంటోంది.

అప్పుడే ముగ్గురు ఓడ మనుషులు చేపలు కొనడానికి జీపు దిగారు. ఇనప రాయి కోసం వచ్చిన ఓడ తాలూకు వాళ్ళు. వాళ్ళలో ఒకడు తాటిచెట్టంత నల్లటివాడు. ఎల్లారావు చేతిలో సూది ఆగిపోయింది.

"కుషే!" అని అరిచాడు, గొంతు చించుకుని. "హౌ డి బాడీ?"

అది అక్కడి పలకరింపు. ఒళ్ళెలా ఉంది, అని.

తాటిచెట్టు గిరుక్కున తిరిగాడు. "డి బాడీ ఫైన్, పా! డి బాడీ ఫైన్!" పరిగెత్తుకొచ్చి ఎల్లారావుని వలతో సహా కావలించుకున్నాడు.

పేరు బోకారీ. ఫ్రీటౌనులో పుట్టాడు, జాలరి కొడుకే. సగం మాటలతో, సగం చేతులతో ఇద్దరూ చెలరేగిపోయారు. నీలకంఠం ఐసు బండి వదిలేసి వచ్చాడు, ఐసు కరిగిపోతున్నా సరే. బోకారీ అంబలి గటగటా తాగి మూతి తుడుచుకునేసరికి, నూకాలు చుట్ట నిప్పువైపు నోట్లోకి తిప్పి అడ్డపొగ లాగింది.

"ఫాయా! పా, ఫాయా!" బోకారీ లేచి గంతేశాడు.

"నిప్పు తింటన్నావని బయపడతన్నాడే," అన్నాడు ఎల్లారావు.

"ఓలమ్మో! ఇంత మడిసికి అంత పిరికేటి? రా నాయినా, నువ్వూ ఒకపాలి సూడు."

చూశాడు. నాలుక కాలింది. నోరు చేత్తో విసురుకుంటుంటే హార్బర్ హార్బరంతా ఈలలేసింది.

ఆ ఊపులో ఎల్లారావు పడవ ముచ్చట ఎత్తుకున్నాడు. తెడ్డు పట్టాడు, పొద్దు నీళ్ళలోకి దిగడం చేత్తో చూపించాడు. బోకారీ వల మీద కూర్చుని తల ఊపుతూ విన్నాడు. ఎల్లారావు పడవ మొహం అటు తిప్పాడు, గర్వంగా గుండె మీద కొట్టుకుని ఇంటికి అన్నాడు. బోకారీ ఒక్క క్షణం నోరు తెరిచాడు. తర్వాత వల మీద వెనక్కి పడి, కాళ్ళు కొట్టుకుంటూ, ఏడుస్తూ నవ్వాడు. మిగతా ఓడ మనుషులు జీపు హారను మోగిస్తూనే ఉన్నారు. చీకటి పడకముందే ఓడ కదలాలి. బోకారీ లేచి, నూకాలుకి దణ్ణం పెట్టి, ఎల్లారావు నెత్తి మీద ముద్దు పెట్టి, నవ్వుతూనే పరిగెత్తాడు. జీపు దుమ్ములో కలిసిపోయింది.

"ఓరి ఎర్రి బావా!" నీలకంఠం నెత్తి కొట్టుకున్నాడు. "పొద్దు సంగతి సరిగ్గా అడగనేదేటి? సాచ్చికం సేతిలోకొచ్చి జారిపోనాది!"

ఎల్లారావు మొహం తెల్లబోయింది. నిజమే. సంబరంలో మర్చేపోయాడు. నూకాలు వైపు చూడలేకపోయాడు.

నూకాలు చుట్ట నోట్లోంచి తీసింది.

"ఏటడగాల్రా నీలకంటం? నువ్వెప్పుడు నవ్వుతావు? పొద్దు నీల్లలో పడతాదని ఈడనగానే నవ్వుతావు. ఆడు అక్కడ నవ్వినాడా? తల ఊపుకుంటా కూకున్నాడు. ఈ మడిసి పడవ తిప్పి ఇంటికన్నాడు సూడు, అప్పుడు నవ్వినాడు. ఆడు పొద్దుని సూసి నవ్వనేదు. నా మొగుడి తెలివి సూసి నవ్వినాడు."

నీలకంఠం బుర్ర గోక్కున్నాడు.

"సముద్రంలోనే గుంకుతాది," అంది నూకాలు, ఖాళీ తపేలా ఎత్తుకుంటూ. "నా మొగుడు సూసినాడు. ఇంకెవుడైనా కలకత్తా అన్నాడా, ఈ సుట్టతో మూతి కాల్సీగల్ను."

ఎల్లారావు వల మీదకి ఒంగిపోయాడు, రెండు పళ్ళూ కనిపించకుండా.

సాయంత్రం ఓడ డాల్ఫిన్ నోస్ కొండ దాటుతూ కూత పెట్టింది. మొగుడూ పెళ్ళాం లేచి నిలబడి, పొగ సన్నబడేదాకా చేతులూపారు. వల మడిచి పెడదామని తిరిగితే, దాని అంచు పక్కన ఒక జత నల్ల బూట్లు. వల మీదకి ఎక్కేముందు చెప్పులు విడవాలని బోకారీకి ఇక్కడెవరూ చెప్పలేదు. లేసుల ముడులైనా విప్పకుండా లాగేసినట్టున్నాడు, మేజోళ్ళు లోపలే ఉండచుట్టుకుని ఉన్నాయి, మడమల దగ్గర తోలు ఇంకా వేళ్ళు నొక్కినట్టు లోపలికి వంగి ఉంది.