కొండ దిగిన మన్ను

చిట్టియ్య ఊరు విడిచిన రోజున బండి తోలింది మా పాలేరు ముసలయ్య. వాడికి ఒక చెవి చెవుడు, రెండోది మొండి. చిట్టియ్య "రంగం పోతన్నా" అన్నాడు. రంగూనును మావాళ్ళు అలాగే అంటారు. వీడు "రంగమ్మతో పోతన్నా" అని విని ఊరంతా చాటాడు. కోరుకొండ చుట్టుపక్కల రంగమ్మలందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. అయినా ఎవరూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అతని భార్య సంపూర్ణమ్మను అడిగినవాళ్ళూ లేరు.

చిట్టియ్య రాజమండ్రి దొరగారి తోటలో మాలి. అక్కణ్ణుంచి ద్రాక్ష కొమ్మలు తెచ్చి, నా పొలం పైనున్న కొండవాలులో నాటి, మన్ను జారకుండా అడ్డంగా రాతిగట్లు పేర్చాడు. "ఇవి మూడేళ్ళకి కాస్తాయి, నేనూ మూడేళ్ళకి వస్తా"నని పెళ్ళానికి చెప్పి వెళ్ళాడట.

నాలుగో ఏటి శ్రావణంలో కుండపోత కురిసి గట్టు తెగింది. ఎర్రమన్నంతా దిగి నా చేలో మేట వేసింది. ఏటా నాకు కింద వరికోత ఉంటే, ఆ ఏడు ఆవిడకు పైన నేలకోత. మాటల కోతలు ఎలాగూ నావే.

మర్నాడు సంపూర్ణమ్మ తట్టతో వచ్చింది. "వీరభద్రంగారండి, మా మన్ను తీసుకెళ్తానండి."

"నేను పిలిచానా? తనంతట తానే వచ్చింది. మన్నించమ్మా, మన్నివ్వను!"

ఆవిడ నవ్వలేదు. "వేళ్ళు బయటపడ్డాయండి. ఇంకో వానకి తీగలు పోతాయి. ఆయనొచ్చేసరికి ఏముంటదండి?"

"వచ్చేవాడైతే కదా!" నోరు జారాను.

ఆవిడ కొంగు బిగించి దోపుకుంది. "ముందు మెత్తటి మన్నొచ్చింది గనక మీకు బాగుందండి. ఎనకాల రాళ్ళొస్తాయి. చూసుకోండి."

చూశాను. మేట పైఅంచున గుమ్మడికాయలంత రాళ్ళు రెండు అప్పటికే దిగి ఉన్నాయి. పైన ఆవిడ ఒంటరిగా గట్టు పేరుస్తోంది. పళ్ళెంలో నీళ్ళు పోసి గట్టుమీద పెట్టి, నీళ్ళు ఎటు ఒరిగితే అటు రాయి సర్దుతోంది. మొగుడు నేర్పిన పని. నాలుగు రాళ్ళు పేర్చడం, లేచి రాజమండ్రి బాట కేసి చూడడం, మళ్ళీ వంగడం. ఆ చూపు చూశాక నాకు ఏ చమత్కారమూ తోచలేదు.

తెల్లారగానే పాలేర్లను కిందనుంచి పైదాకా బారుగా నిలబెట్టాను. తట్టలు చేతులు మారుతూ కొండెక్కాయి. గట్టు వెంబడి ఆవిడ వట్టివేళ్ళ దుబ్బులు నాటించింది. ఇన్నాళ్ళూ నావి వట్టి మాటలు. మన్నును పట్టి ఉంచేవి ఆ వేళ్ళు.

మధ్యలో ముసలయ్య గట్టిగా అడిగాడు. "చిట్టియ్యతో రంగమ్మ కూడా వత్తాదా?"

తట్టలు ఆగిపోయాయి.

"ఏ రంగమ్మ?" అంది సంపూర్ణమ్మ. ఊళ్ళో అనుకునేది నేనే చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకుని, అందరికీ వినబడేలా అరిచింది. "రంగమ్మ కాదు తాతా, రంగం! సముద్రం అవతల ఊరు. బియ్యం మిల్లులో పనికి ఒక్కడే ఓడెక్కాడు!"

పాలేర్లు తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను.

ముసలయ్య మాట మార్చాడు. "మరి నిరుడు ద్రాక్షలు కాసినాయిగా, ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు. ఆయన రాలేదుగా. ఎండి రాలిందాకా తీగకే ఉంచాను." తట్ట అందుకుని, బయటపడ్డ వేళ్ళమీద మన్ను కప్పి, రెండు చేతులతో అదిమింది.