మూడు రోజుల మైల

క్రైస్తవులకి మైల పట్టింపు లేదు కదా, మరి వాళ్ళ పేటలో మూడు రోజులు పొయ్యి ఎందుకు వెలగలేదన్న అనుమానం జగ్గయ్యను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. సోమవారం సోమవారం పలివెల వెళ్ళి కొప్పులింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని వచ్చే మనిషి. ఎవరి ఆచారం చూసినా దాని వెనకున్న కారణం తెలుసుకుంటే గాని ఆయనకి తోచదు.

ఈ అనుమానం తెచ్చిపెట్టింది ఒక గేయం. అరవై నాలుగు మే నెలలో ప్రధానమంత్రి పోయినప్పుడు ఊళ్ళో సంతాపసభ పెట్టారు. పేటలోని మిషను బడి పంతులు జీవరత్నం తాను రాసింది చదివాడు.

మూడు పొద్దులు మా పేటలో పొయ్యి రాజలేదు తండ్రీ,
నీ చితి పొగ ఒక్కటే మా ఆకాశమంతా.

అక్కడికి వచ్చేసరికి సభంతా కళ్ళొత్తుకుంది. జగ్గయ్య కూడా ఆ మూడు రోజులు ఇంటిపెద్ద పోయినట్టే మైల పట్టాడు మరి. సభ అయ్యాక మాస్టారి చేతులు పట్టుకుని, మీలో ఈ ఆచారం ఉందా అని అడిగాడు.

"ఆయ్, లేదండి" అని మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతే.

అప్పట్నించీ నలుగురు చేరిన చోటల్లా జగ్గయ్య ఆ సంగతి ఎత్తేవాడు. మనం ఆచారం కొద్దీ చేశాం, వాళ్ళు ప్రేమ కొద్దీ పస్తున్నారు అనేవాడు.

ఎనభై నాలుగులో మళ్ళీ ఒక ప్రధాని పోయారు, ఈసారి తుపాకీ గుళ్ళకి. హైస్కూలు హెడ్మాస్టరు బాబూరావు వచ్చి, ఆదివారం సభలో ఆ పాత గేయం చదివిద్దామనీ, దాని భావం మాత్రం జగ్గయ్యగారే చెప్పాలనీ కోరాడు. జగ్గయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక, సగం తెలిసినదాన్ని అంతా తెలిసినట్టు చెప్పడానికి మనసొప్పలేదు.

"అడగాలి, అడగాలి అంటూ ఇరవై ఏళ్ళు గడిపేరు. మాస్టారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడెవర్ని అడుగుతారు, గేయాన్నా?" అంది భార్య సూర్యకాంతం.

మాస్టారి భార్య కృపమ్మ ఉంది. మిషను జీతం నెలల తరబడి రాని రోజుల్లో ఆ సంసారం ఆవిడ కూలి మీదే నడిచింది. జగ్గయ్య చేలో నాట్లు ఊడ్చింది, కోతలు కోసింది. ఇప్పుడు కొడుకు రాజోలులో టీచరు. జగ్గయ్య వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కుర్చీ వేసి కూర్చోమంది. ఆయన తన అనుమానం చెప్పి, పదిమందిలో తప్పు చెప్పకూడదు కదమ్మా అన్నాడు.

కృపమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"తమరికి గుర్తు లేదాండీ? ఆ రోజు మీ కళ్ళంలోనే దాళ్వా పంట కుప్ప నూర్చేమండి. వారం కూలి సాయంత్రం కొలుస్తానన్నారు. మధ్యాహ్నం రేడియోలో కబురొచ్చింది. పని ఆపించేసేరు. మైల కదా, మూడు రోజులు గింజ కొలవకూడదన్నారు. పేటంతా మీ కూలోళ్ళమేనండి. ఎసట్లోకి గింజల్లేక పొయ్యి రాజెయ్యలేదు."

జగ్గయ్యకి ఆ రోజు తాను చేసిన తలస్నానం గుర్తుంది. ధాన్యం రాశి మీద గోనెలు కప్పించడం గుర్తుంది. బుట్టలు పట్టుకుని నిలబడి, మాటాడకుండా వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గుర్తు రాలేదు.

"మరి మాస్టారు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పేరు కదండీ, సభలో" అంది కృపమ్మ. "ఆయన ఏడ్చింది నిజమేనండి. ఆ పెద్దాయనంటే ప్రాణం. రాస్తూ రాస్తూ కాగితం తడిపేసేరు. పొయ్యి సంగతీ నిజమే. రెండూ కలిపి రాసేరు" అంది.

నాలుగో రోజు కొలిచాను కదా అన్నాడు జగ్గయ్య, నెమ్మదిగా.

"కొలిచేరండి. మధ్యాహ్నం పని ఆగిపోయిందని ఒక పూట తగ్గించేరు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. చేసిన పనికి రావలసినది ఎంతో ఎవరికైనా గుర్తుంటుంది.

ఆదివారం సభలో గేయం చదివారు. జగ్గయ్య లేచి, ఇన్నాళ్ళూ దీనికి తప్పు భావం చెప్పానన్నాడు. "ఆ పొయ్యిలు భక్తితో ఆగలేదు. నా మైల వల్ల ఆగేయి. దేవుడికి భయపడ్డాను గాని, పిల్లలు పస్తుంటారేమోనని అనుకోలేదు" అని కూర్చున్నాడు. బాబూరావుకి ఏం చెయ్యాలో తోచక, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు.

మర్నాడు సోమవారం. జగ్గయ్య పలివెల వెళ్ళలేదు. అప్పట్లో తగ్గించిన పూట కూలి కొలవడానికి ధాన్యం బస్తా, కుంచం తీసుకుని పేటకి వెళ్ళి ఇల్లిల్లూ తిరిగాడు. నాటి కూలీల్లో కొందరు పోయారు, కొందరికి ఆ సంగతే గుర్తులేదు. కృపమ్మ మాత్రం వద్దనలేదు, లోపలికి వెళ్ళి చేట తెచ్చి పట్టింది.

మొదటి కుంచం పోసేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అనడం రైతు ఆనవాయితీ. జగ్గయ్యకి ఆ మాట నోట రాలేదు. "ఒకటి" అని పోశాడు.

కృపమ్మ చేట సర్దుకుంది. "ఆయ్, సరిపోయిందండి" అంది.