చెనక్కాయ పొట్టు చూపిన చోటు

ఆ కరువు ఏడు మా సిమెంటు తొట్టిలో నీళ్లు రోజుకు నాలుగు వేళ్లు దిగిపోయేవి.

"ఎండ తాగతాండాది లేవే" అన్నాడు నా మొగుడు ఆదెప్ప.

నాకు ఒళ్లు మండింది. తొట్టి పక్కనే గంగాళం నిండా నీళ్లు పెట్టాను. మర్నాడు అదే వేళకు గంగాళంలో అరవేలు దిగింది, తొట్టిలో నాలుగు వేళ్లు. మిగతాది ఎండ పని కాదు.

వేయించిన చెనక్కాయల ఎర్ర పొట్టు తొట్టి నీళ్లపై చల్లి కూర్చున్నాను. పొట్టంతా మెల్లగా ఒకే చోటికి చేరి తొట్టి గోడకు అంటుకుంది. సరిగ్గా దాని అవతలే, ఎద్దును కట్టడానికి ఆదెప్ప గోడలోకి దిగ్గొట్టిన ఇనుప కడియం ఉంది. ఎద్దు గుంజీ గుంజీ గోడ పగిలింది.

కడియం పీకించి, పగులుకు సిమెంటు పెట్టించాను. మళ్లీ నింపిన రోజు తొట్టిలోనూ అరవేలే దిగింది.

"మరి ఎద్దును యాడ కట్టేది?" అన్నాడు ఆదెప్ప.

"నీ ఎండకే కట్టుకో మామా" అన్నాను.