మేత నడిగెడి సాఫ్ట్‌వేరు

ఉత్తరకార్తె వానలు వెలిసి మల్బరీతోటల లేతయాకులు బాలసూర్యకిరణస్పర్శచే మిలమిల మెఱయుచు మడకశిర గుట్టల నడిమి నేలయెల్ల పచ్చదనమున మునిగియుండిన యా ప్రాతఃకాలమున తిప్పక్క యను పట్టురైతు పురుగులయింటిలో కోదండపాణి చెప్పులు విడిచి గోడ కానుకొని బిక్కుబిక్కుమనుచు నిలిచియుండెను.

పదునాలుగేండ్లు బుద్ధిబలమంతయు ధారపోసి యతడు కోళ్ళఫారములకై నిర్మించిన సాఫ్ట్‌వేరు తొట్టిలోని మేత బరువు తఱుగకున్న రోగమని యెంచి ఫోనులో కూయునట్టిది. ఫారములన్నియు పెద్ద కంపెనీల పాలై యవి తమ సొంతవే వాడుకొనగా పాపము దానినడుగు నాథుడు లేకపోయెను. కాళ్ళరుగునట్లు ఊరూరు తిరిగి తుదకు పట్టురైతులను కనుగొని కోడి యన్న చోటనెల్ల పురుగని మార్చి యిది మీకొఱకే పుట్టినదని పలికెను. ఇంత చదివినవాడు నాలుగుదినములు పురుగులకడ కూర్చుండి చూడరాదా? చూడలేదు. తిప్పక్క మెచ్చినచో నలువదికుటుంబముల సంఘము దానిని కొనును. కాదన్నచో అతనిని నమ్ముకొని పనిచేయు నలుగురు వీధిన పడుదురు.

తిప్పక్క తట్టలపై సున్నపుపొడి చల్లుచు "పొర ఇడిసే నిద్రకు పోయినాయప్పా. ఇంక ఒగ దినం ఆకు ముట్టవు. ఇప్పుడు ఆకేస్తే తేమకు చచ్చిపోతాయి" అనెను. అంతలో, పరీక్షకై తట్టలక్రింది తూకమునకు కలిపియుంచిన ఫోను కూసెను. మేత తఱుగలేదట, రోగమట, వెంటనే క్రొత్తమేత వేయవలెనట. వినినదే తడవుగా కోడలు భాగ్య ఆకుగంప నెత్తుకొని పరుగెత్తి వచ్చెను.

కోదండపాణి చుట్టును చూచెను. వేయుమన్నచో వారి పంట పోవును, వలదన్నచో తన బ్రదుకు పోవును. కిటికీలన్నిటికిని వలలు బిగించియుండెను. ఉన్న ద్వార మొక్కటే, ఆ ద్వారమున తిప్పక్క నిలిచి యతని మొగమునే చూచుచుండెను.

"ముప్పై ఏండ్లుగా నిద్రలో మేం ఆకెయ్యలేదు. నీ మిషను ఎయ్యమంటాంది. సదువుకున్నోనివి, నువ్వేమంటావప్పా?"

భాగ్య చేతిలోని యాకు తట్టకు జానెడెత్తున నిలిచెను.

"వద్దమ్మా, వెయ్యొద్దు" అని యతడు పలికెను. "ఇది కోళ్ళ కోసం చేసింది. పేరు మార్చానంతే. దీనికి నిద్రంటే ఏమిటో తెలీదు."

భాగ్య గంప దించెను. అతడు సిగ్గుచే చితికిపోయెను.

"అబద్ధం చెప్పి మా పురుగులింట్లోకి వచ్చినావు" అని తిప్పక్క యనెను. "అయినా ఇది అవి ఆకు మానినప్పుడే కూసింది కదా. ఆకు నిలిపే పొద్దు తెలీకనే మా సంఘంలో శానామంది పంట పోగొట్టుకుంటాండారు. ఆకెయ్యమనే మాట తీసేసి, నిలపమని చెప్పేతట్ల చెయ్యి. అవి లేసేదాంకా ఈడే ఉండు. ఎట్ల లేస్తాయో నీ కండ్లతో చూడు. సంఘానికి ఏం చెప్పల్లో ఆమీదట చెప్తా."

తలుపు మూసికొనెను. ఊపిరి సలుపని యా వెచ్చని గదిలో అతడు మోకాళ్ళు కౌగిలించుకొని కూర్చుండెను. మఱునాటి యుదయమున ఒక పురుగు కదలి పాతపొరను విడువజొచ్చెను. పొర నడుముదాక జాఱి యచ్చటనే బిగుసుకొనెను. తక్కినది విడుచునో విడువదో యతనికి తెలియదు. తాను చేసిన సాఫ్ట్‌వేరునకు అంతకన్న తెలియదు. పదునాలుగేండ్లలో మొదటిసారిగా, ఏమియు అమ్మవలెనను తలంపు లేక, అతడొక ప్రాణిని ఱెప్పవేయక చూచుచుండెను.