గుడ్డ పరవని చోట

జ్వరం పట్టినవాణ్ణి ఓడలో ఉంచకూడదు. కార్తేజ్ ఓడల్లో ఇది పెద్దల సభ ఆజ్ఞకన్నా గట్టి కట్టుబాటు. ఒకడికి సోకిందంటే ముప్పైమందికీ అంటుకుంటుంది. అందుకే మత్తన్‌కి ఒళ్ళు కాలిపోవడం మొదలైన మూడో రోజున, ఓడ ఆ రేవుకి చేరగానే, నాయకుడు షఫత్ వాడి అన్న అరిస్‌ని పిలిచాడు.

"తమ్ముణ్ణి ఒడ్డున దింపెయ్. ఆ నల్లరాళ్ళ అవతల పడుకోబెట్టు. సరుకుకి దూరంగా, వినబడిందా?"

"వినబడింది బాబాయ్," అన్నాడు అరిస్.

షఫత్ ఈ అన్నదమ్ముల నాన్నకి పినతండ్రి కొడుకు. అరిస్‌కి చుక్కాని పట్టడం నేర్పింది ఆయనే. ప్రేమ లేక అలా చెప్పడం కాదు, ఓడ మీద ఆయన ఎవరికీ బాబాయ్ కాడు, అంతే.

మధ్యధరా సముద్రం ముగిసేచోట ఉన్న మెల్కార్త్ స్తంభాలు దాటి దక్షిణానికి ఇరవై రోజులు వస్తే తగిలే ఆ రేవులో బేరం నోటితో జరగదు. తాతల నాటినుంచీ అంతే. ఇసుక మీద వరసగా ఎర్రగుడ్డలు పరుస్తారు. ఒక్కో గుడ్డ మీద ఒక్కో సరుకు: గాజుపూసలు, రాగి గిన్నెలు, ద్రాక్షసారా జాడీలు. సరుకు వచ్చిందని తెలిసేట్టు పొగ వేసి అందరూ ఓడెక్కేస్తారు. అడవిలోంచి అక్కడివాళ్ళొచ్చి, ప్రతి గుడ్డ పక్కనా బంగారం పెట్టి మళ్ళీ అడవిలోకి వెళ్ళిపోతారు. చాలనుకుంటే వీళ్ళు బంగారం తీసుకుని సాగిపోవాలి. చాలదనుకుంటే ముట్టకుండా ఓడెక్కి కూర్చోవాలి, వాళ్ళు ఇంకొంచెం పెడతారు. మొత్తం వరసకి ఒకటే బేరం, ఒక్క కుప్ప ముట్టుకున్నా అన్నిటికీ ఒప్పుకున్నట్టే. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, ఒకరినొకరు మోసం చేసుకున్నదీ లేదు.

నల్లరాళ్ళ దగ్గర నీడ లేదు. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. ఉన్నదల్లా సరుకు వరస చివర ఒక్క చెట్టు. తమ్ముణ్ణి భుజాన వేసుకున్నవాడికి కాళ్ళు ఎటు లాగుతాయో చెప్పాలా? ఆ చెట్టుకిందే దింపాడు అరిస్. మత్తన్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"చలేస్తోంది అన్నా."

అరిస్ మూటలో మిగిలిన ఎర్రగుడ్డ ఒకటి లాగి, మెత్తగా మడత వేసి, తమ్ముడి కింద పరిచాడు. కార్తేజ్‌లో పుట్టి, ఆ ఎర్రగుడ్డల మీద బతికినవాడు, ఆ క్షణాన గుడ్డంటే ఏమిటో మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పడవేసుకుని ఒడ్డుకెళ్ళారు. ప్రతి గుడ్డ పక్కనా బంగారం ఉంది. వరస చివర, మత్తన్ పక్కన, అన్నిటికన్నా పెద్ద కుప్ప ఉంది.

అరిస్ తమ్ముడి దగ్గరికి పరుగెత్తి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. మత్తన్ కళ్ళు సగం తెరిచాడు. "రాత్రి నీళ్ళు పట్టావుగా, మళ్ళీ ఎందుకొచ్చావ్? చేతులు భలే చల్లగా ఉన్నాయి నీవి," అన్నాడు. అరిస్ రాత్రంతా ఓడ దిగనేలేదు.

షఫత్ ఆ కుప్పనీ, ఎర్రగుడ్డనీ చూశాడు. ఆయన మొహం మాడిపోయింది.

"ఏం చేశావురా? నేనెక్కడ పెట్టమన్నాను, నువ్వెక్కడ పెట్టావు?"

"ఎండ బాబాయ్... చలంటే గుడ్డేశాను."

"గుడ్డేశావ్! నీ తమ్ముణ్ణి నువ్వే చేతులారా బేరానికి పెట్టావురా, తెలివితక్కువ వెధవా!"

"ఎత్తుకుపోతాను. ఇప్పుడే ఎత్తుకుపోతాను."

"ఆగు." షఫత్ వాడి చెయ్యి పట్టుకున్నాడు. "బంగారం పెట్టాక గుడ్డ మీది వస్తువు ఎత్తినవాడు దొంగ. మన తాతలెవ్వరూ ఆ పని చెయ్యలేదు. నువ్వు చేశావంటే, రేపు ఈ పొగ చూసి వచ్చేది బంగారం కాదు, బాణాలు. మనకి కాకపోతే మన వెనకొచ్చే ఓడకి."

"అయితే అమ్మేదిలేదని చెప్దాం!"

"ఎలా చెప్తావ్? చెప్పు, వింటాను. తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే చాలదన్నట్టు. మూడో మాట ఉందా ఈ బేరంలో?"

లేదు. ఇన్ని తరాల్లో ఆ మూడో మాట అవసరం ఎవరికీ పడలేదు.

ఆ రోజు ఏదీ ముట్టకుండా ఓడెక్కారు. మధ్యాహ్నానికి అడవి అంచున కొమ్మలు కదిలాయి. మళ్ళీ వెళ్ళి చూస్తే మిగతా కుప్పలు అలాగే ఉన్నాయి, మత్తన్ పక్కది మాత్రం రెండింతలైంది. ఓడకి తిరిగొచ్చాక తెడ్లవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. "ఎలాగూ పోయేవాడేగా," అన్నాడొకడు, వినబడేట్టే. అరిస్ వాడి పీక పట్టుకున్నాడు. విడదీయడానికి నలుగురు కావాల్సొచ్చింది.

"మనం మనుషుల్ని అమ్మేవాళ్ళం అనుకున్నారు బాబాయ్," అన్నాడు అరిస్ రొప్పుతూ.

"అనుకోరా మరి? మిగతా రేవుల్లో మనం అమ్మలేదూ?" అన్నాడు షఫత్. 

బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ బత్నోయమ్ రేవులో అరిస్ మెడలో తానిత్ దేవత తాయెత్తు కట్టింది. "నువ్వు రాకపోయినా ఏడుస్తాను, వాడు రాకపోయినా ఏడుస్తాను. ఇద్దరూ రండి," అంది. వాడు లేకుండా ఆ గుమ్మం ఎలా తొక్కడం? అరిస్‌కి తల బద్దలవుతోంది. తీసుకోవడం, వదిలేయడం. అమ్మేవాడికి ఉన్నవి ఆ రెండేనా? అయితే కొనేవాడికి?

చటుక్కున లేచాడు. తనకంటూ ఉన్నవన్నీ పోగేశాడు. వెండి ఉంగరం, కొత్త కత్తి, నీళ్ళ లోతు చూసే సీసపు గుండు. ఆ గుండు వాళ్ళ తాతది, చుక్కాని పట్టేవాడికి అది మూడో కన్ను. మెడలో తాయెత్తు కూడా విప్పాడు.

"ఏం చేస్తున్నావురా?"

"వాడిప్పుడు వాళ్ళవాడే అనుకుందాం బాబాయ్. వాళ్ళ దగ్గర నేను కొనుక్కుంటాను."

షఫత్ వెనక్కి తిరిగాడు. "పడవ దింపండ్రా," అన్నాడు తెడ్లవాళ్ళతో.

అరిస్ వాళ్ళు పెట్టిన బంగారాన్ని ముట్టలేదు. దాని పక్కన తన తలగుడ్డ పరిచి, ఉన్నవన్నీ దానిమీద పేర్చాడు. మత్తన్ అప్పుడు స్పృహలో లేడు. అరిస్ పచ్చి ఆకులు తెచ్చి తనే పొగ వేసి, వెనక్కి చూడకుండా పడవెక్కాడు. వెనక్కి చూస్తే ఎక్కలేడని వాడికి తెలుసు.

తెల్లారింది. ఒడ్డున అందరికన్నా ముందు దూకింది షఫత్.

మత్తన్ పక్కన బంగారం లేదు. మొత్తం తీసుకుపోయారు. అరిస్ పెట్టిన ఉంగరం, కత్తి, గుండు, తాయెత్తు, ఏదీ వేలు కూడా పడకుండా అలాగే ఉన్నాయి. మిగతా వరసలో ప్రతి గుడ్డ పక్కనా దేని బంగారం దానికుంది. ఇక మత్తన్ కింద ఎర్రగుడ్డ లేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి దూరంగా రాయి మీద ఉంచారు. మత్తన్ పచ్చటి ఆకుల పరుపు మీద పడుకుని ఉన్నాడు, తల దగ్గర సొరబుర్ర నిండా నీళ్ళు.

అరిస్ తమ్ముడి నుదురు ముట్టుకున్నాడు. చెమట, చల్లటి చెమట. జ్వరం దిగింది.

"ఆకలేస్తోంది," అన్నాడు మత్తన్. తర్వాత, అన్న ఏడవడం చూసి, పెదాలు తడుపుకుని నవ్వాడు. "కలలో విన్నానో ఏమో... నాకేదో ఖరీదు కట్టారటగా. ఎంత పలికానేంటి?"

"నోర్ముయ్. జావ తాగుదువుగాని పద," అన్నాడు అరిస్, వెక్కుతూనే.

షఫత్ బంగారం తీయించాడు. బేరం ముగిసింది. మత్తన్‌ని పడవలోకి చేర్చారు. అరిస్ మాత్రం వెనక్కి నడిచి, తన తలగుడ్డ లాగి నడుముకి చుట్టుకున్నాడు. ఉంగరం, కత్తి, గుండు ఏరుకున్నాడు. తాయెత్తు ఒక్కటీ తీసి, ఆకుల పరుపు పక్కన, ఉత్త ఇసుక మీద పెట్టాడు.

పడవలోంచి షఫత్ కేకేశాడు. "కింద గుడ్డెయ్యవేంరా? ఎంత పెట్టాలో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అది అమ్మేది కాదు బాబాయ్," అన్నాడు అరిస్.