బుగ్గల కింద నీడ

"మాత్రలు వేసింది ఈవిడే మేడమ్! కాదనమనండి చూద్దాం!"

ఎమర్జెన్సీ వార్డు గుమ్మంలో నిలబడి బావ నావైపు వేలు చూపిస్తున్నాడు. లోపల మంచం మీద అక్క. మధ్యాహ్నం ఆటలో, రెండో అంకం మధ్యలో, మూడొందల మంది చూస్తుండగానే మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది. మా నాటక కంపెనీకి అక్క నాయిక, బావ మేనేజరు, నేను మేకప్ మనిషిని.

నా మేకప్ పెట్టెలో దొరికిన మాత్రల షీటు ఇప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ చేతిలో ఉంది.

"ఏంటివి?"

"ఆందోళన తగ్గే మాత్రలండీ. అక్కకి డాక్టరు రాసినవే. తెర లేవడానికి గంట ముందు సగం ముక్క ఇస్తాను. లేకపోతే చేతులు వణుకుతాయి."

"సగమే ఇచ్చావా?"

"రంగులు పూసే చేతికి మందు కలపడం ఓ లెక్కా?" బావ అందుకున్నాడు. "అక్కకొచ్చే పేరు చూసి ఎన్నాళ్ళుగా ఉడికిపోతోందో!"

"ఉడకడానికి నేనేమన్నా బంగాళదుంపనా బావా?"

నోరైతే అనేసింది గానీ చూపు వాకిలి వైపే పోయింది. బయట పోలీసు జీపు ఆగి ఉంది. అసలు సంగతి తేలకపోతే అందులో ఎక్కేది నేనే.

డాక్టరు రిపోర్టుతో బయటికొచ్చాడు.

"ఒత్తిడి హార్మోన్ దాదాపు సున్నా. రెండుసార్లు పరీక్ష చేయించాను."

"చూశారా! ఒత్తిడి తగ్గించే మాత్రేగా అది!" అన్నాడు బావ.

"ఆ మాత్ర హార్మోన్‌ని కాస్త తగ్గించే మాట నిజమే. పొయ్యి మీద మంట సన్నం చేసినట్టు. ఇక్కడ పొయ్యే ఆరిపోయింది. ఆ మాత్రలు ఎక్కువైతే మత్తు కమ్ముతుంది, ఊపిరి మందగిస్తుంది. ఇలా సున్నాకి దిగదు." డాక్టరు నావైపు తిరిగాడు. "గొంతు వాపులాంటివి తగ్గించే స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే, ఒంట్లో ఆ హార్మోన్ తయారుచేసే గ్రంథులు పని మానేస్తాయి. ఆ మందు హఠాత్తుగా ఆపితే మనిషి పడిపోతుంది. ఈ మధ్య ఈవిడ ముఖం గుండ్రంగా అయిందా?"

"అయిందండీ," అన్నాను. మూడు నెలలుగా అక్క బుగ్గలు నిండుతూనే ఉన్నాయి. దూరానికి ముఖం కోలగా కనబడాలని వారం వారం బుగ్గల కింద గోధుమరంగు నీడ పెంచుతూ వచ్చాను. నేనిచ్చే ఆందోళన మాత్రల వల్లే ఒళ్ళు చేస్తోందనుకున్నాను.

మూడు నెలల క్రితమే అక్క గొంతు పూర్తిగా పోయింది. ఒక్క రాత్రిలో తిరిగొచ్చింది. "తేనె మహిమ" అన్నాడు బావ. పోయిన గురువారం అక్క వేరే కంపెనీకి సంతకం పెట్టింది. శుక్రవారం నుంచి నీరసం, వాంతులు. గొంతు మళ్ళీ బొంగురు.

"గొంతు కోసం ఎవరో స్టెరాయిడ్ ఇచ్చారండీ," అన్నాను. "అక్క వెళ్ళిపోతోందని తెలియగానే ఆపేశారు. కొత్త కంపెనీలో ఆ గొంతు పలకకూడదని."

"కథలు చెప్పకు మరదలా!" బావ నుదుటి మీద చెమట పట్టింది.

నర్సు తలుపు తీసింది. "ఇంజెక్షన్ పనిచేసింది. ఆవిడ లేచారు."

బావ అందరికన్నా ముందు లోపలికి దూకబోయాడు. "తనని మాట్లాడించకండి, అలిసిపోతుంది!"

ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టింది. "మీరిక్కడే ఉండండి."

అక్క కళ్ళు నామీద ఆగాయి. ముఖానికి ఇంకా సగం రంగు ఉంది. నేను తన చెయ్యి పట్టుకున్నాను.

"గొంతుకి ఏమైనా వాడుతున్నావా అక్కా?"

"విటమిన్ బిళ్ళ. రోజూ పొద్దున్నే కాఫీతో," అక్క మాట పీలగా వచ్చింది. "సంతకం పెట్టినట్టు చెప్పిన రోజు నుంచీ ఇవ్వలేదు. అడిగితే, ఇక నీకెందుకులే అన్నాడు."

"ఎవరమ్మా?" ఇన్‌స్పెక్టరమ్మ వంగి అడిగింది.

అక్క గుమ్మం వైపు చూసింది.

"మా ఆయన."